కరవుసీమలో దివ్యజ్ఞాన కళాశాల: మదనపల్లె ప్రయోగంలో నీతి, పని, పౌరధర్మం

రాయలసీమలో ఉన్నత విద్య గురించిన చర్చ సాధారణంగా ఏ ఊరికి ఏ కళాశాల ఎప్పుడు వచ్చిందన్న లెక్కతో మొదలై, ఆ లెక్కలో సీమకు జరిగిన అన్యాయాన్ని ఎత్తిచూపడంతో ముగుస్తుంది. ఆ లెక్క అవసరమైనదే. కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురానికి విశ్వవిద్యాలయ కేంద్రం ఇవ్వాలన్న మాట చేరడానికి కారణం ఆ కొరతే. కర్నూలు వంటి పట్టణం ఉస్మానియా కళాశాల కోసం 1947 దాకా ఎదురుచూడవలసి రావడం కూడా ఆ కొరతకు నిదర్శనమే. అయితే వచ్చిన కొద్దిపాటి కళాశాలలు తమ పిల్లలకు ఏం నేర్పదలచాయి, చదువుకున్నవాడు ఎలాంటి మనిషి కావాలని కోరుకున్నాయి అన్న రెండో ప్రశ్న ఆ లెక్కల మరుగున పడిపోయింది. జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ దంపతుల స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం ఆ రెండో ప్రశ్నను ఆ దంపతులు పనిచేసిన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల చరిత్ర ద్వారా పరిశీలిస్తుంది.

2022 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లెను చాలామంది ఆ జిల్లా ఊరుగానే ఎరుగుదురు గాని, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అది కడప జిల్లాలోనిది; 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాల్లో భాగం. ఊరికి దగ్గరి కొండకు హార్స్‌లీ కొండ అన్న పేరు కడప కలెక్టరుగా పనిచేసిన దొర వల్లనే వచ్చింది. చెరువు నిండితే వరి, నిండకపోతే మెట్టపైరు, అదీ పోతే వలస అన్న బతుకే అక్కడిదీ. 1876–78 నాటి పెద్ద కరవు కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాల్ని ఊడ్చిపెట్టి, కళాశాల పుట్టేనాటికి నలభై ఏళ్ళు కూడా కాలేదు. అలాంటి చోట 1915లో దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీబిసెంట్ స్థాపించిన కళాశాల, అనంతపురంలో 1916లో ప్రభుత్వం తెరిచిన దత్తమండల కళాశాలకన్నా ఒక ఏడాది పెద్దది. ఒకటి సర్కారు నీడలో, మరొకటి మతభావన నీడలో పుట్టిన ఈ రెండూ సీమలో ఉన్నత విద్యకు తొలి మెట్లు.

ఆ మతభావన ఎలాంటిదో ముందు చెప్పుకోవాలి. దివ్యజ్ఞాన సమాజం 1875లో న్యూయార్క్‌లో మేడమ్ బ్లావట్‌స్కీ, కర్నల్ ఆల్కాట్ తదితరుల చేతుల మీదుగా పుట్టి, 1882లో మద్రాసు పక్కన అడయారులో స్థిరపడిన సంస్థ. జాతి, మతం, కులం, రంగు, ఆడ మగ భేదాలు లేని సోదరభావం దాని మొదటి ఆశయం. మతాలను, తత్త్వాలను, శాస్త్రాలను పక్కపక్కన పెట్టి చదవడం రెండోది. ప్రకృతిలోనూ మనిషిలోనూ ఇంకా తెలియని శక్తులను అన్వేషించడం మూడోది. ఒక ప్రవక్త గాని, ఒక గ్రంథం గాని ఆధారంగా లేని ఈ సంస్థను మతమనవచ్చా అన్న వాదం నాడూ ఉంది, నేడూ ఉంది. అయినా కర్మను, పునర్జన్మను, ఆధ్యాత్మిక గురువుల పరంపరను నమ్మి, ఆ నమ్మకంతోనే బడులు కట్టిన సంస్థ నడిపిన కళాశాలను మత కళాశాల అనడంలో తప్పు లేదు. ఆ మాట అనకపోతే దాని బలమూ అర్థం కాదు, బలహీనతా అర్థం కాదు.

మదనపల్లెకు ముందే ఈ సమాజం విద్యలో రెండు వేర్వేరు దారులు తొక్కింది. 1894లో ఆల్కాట్ అడయారులో పంచముల పిల్లల కోసం, అంటే నాటి సమాజం అంటరానివాళ్ళని దూరం పెట్టిన కుటుంబాల పిల్లల కోసం ఉచిత పాఠశాల తెరిచాడు. అక్కడ చదువు, లెక్కలతోపాటు వంట, కుట్టుపని నేర్పడం, ఆటపాటలతో చదువు చెప్పే కిండర్‌గార్టెన్ పద్ధతిని ప్రవేశపెట్టడం ఆ కాలానికి సాహసమే. రెండో దారి అనీబిసెంట్‌ది. 1898లో కాశీలో ఆమె నెలకొల్పిన సెంట్రల్ హిందూ కళాశాలలో హిందూ ధర్మాన్ని పాఠ్యాంశంగా బోధించడానికి సనాతన ధర్మం పేరుతో పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. పండితుడు భగవాన్‌దాస్ ఆ కృషిలో ఆమెకు కుడిభుజం. ఆ కళాశాలే తర్వాత కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి పునాది అయింది. ఒక దారి చేతికి పని నేర్పి, అవమానపడ్డ పిల్లవాడి తల ఎత్తించాలని చూస్తే, మరొక దారి పుస్తకం ద్వారా నీతిని అందించాలని చూసింది.

నీతిని పుస్తకంగా రాసి తరగతిలో పాఠంగా చెప్పవచ్చా అన్నది అప్పటికే ఈ దేశంలో నలిగిన వివాదం. 1882 నాటి హంటర్ విద్యా కమిషన్, సర్కారు కళాశాలల్లో మత బోధన కుదరదు గనుక అన్ని మతాలకూ సమ్మతమైన నీతి పాఠ్యపుస్తకం ఒకటి తయారుచేయాలనీ, మనిషిగా, పౌరుడిగా నెరవేర్చవలసిన విధుల గురించి ఉపన్యాసాలు ఏర్పాటుచేయాలనీ సూచించింది. అదే కమిషన్‌లో సభ్యుడైన కాశీనాథ్ త్రింబక్ తెలంగ్ దానితో విభేదించాడు. పట్టభద్రుడి నడవడి పాఠ్యపుస్తకం వల్ల ఏర్పడదు, కళాశాలలోని మొత్తం వాతావరణం వల్ల, అధ్యాపకుడి నడత వల్ల ఏర్పడుతుందన్నది ఆయన వాదం సారాంశం. ప్రభుత్వం ఆ సిఫారసును పక్కన పెట్టింది గాని, తెలంగ్ చెప్పిన వాతావరణం ఎలా కట్టుకోవాలో ఎవరూ చూపలేదు. మదనపల్లె కళాశాల ప్రాముఖ్యమంతా ఇక్కడే ఉంది: కాశీలో పుస్తకాన్ని నమ్ముకున్న అనీబిసెంట్ అనుచరులే ఇక్కడికి వచ్చేసరికి పుస్తకానికన్నా సాయంత్రాలను, కూడికలను, పాటలను, సేవను ఎక్కువ నమ్ముకున్నారు.

ఆ మార్పుకు మూలపురుషుడు జేమ్స్ కజిన్స్. 1873లో ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టి, అక్కడి సాహిత్య పునరుజ్జీవనంలో కవిగా, నాటకకర్తగా పాల్గొన్న ఆయన, 1915లో అనీబిసెంట్ పిలుపు మీద మద్రాసు వచ్చి ఆమె నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో చేరాడు. 1916 ఈస్టర్ వారంలో డబ్లిన్‌లో ఐరిష్ దేశభక్తులు తిరుగుబాటు చేసినప్పుడు వాళ్ళను మెచ్చుకుంటూ రాసిన వ్యాసం దొరల ఆగ్రహానికి గురై, పత్రికలో ఆయన ఉండే వీలు లేకపోయింది. అనీబిసెంట్ ఆయన్ని మదనపల్లె కళాశాలకు పంపింది. అలా పాలకుల కన్నెర్ర సీమకు ఒక ఉత్తమ అధ్యాపకుణ్ణి సంపాదించిపెట్టింది. ఆయన భార్య మార్గరెట్ ఐర్లండు రాయల్ విశ్వవిద్యాలయంలో సంగీతంలో పట్టం పొందిన విదుషీమణి. ఆడవాళ్ళకు ఓటు హక్కు కావాలని లండన్‌లోనూ ఐర్లండులోనూ జైలుకు వెళ్ళివచ్చిన ధీరురాలు.

ఈ దంపతుల దృష్టిలో కళ విద్యకు అలంకారం కాదు, నీతికి నేల. జాతీయ విద్య మీద 1917లో వెలువడిన వ్యాస సంపుటిలో జేమ్స్ కజిన్స్ పదేపదే చెప్పింది, యువకుడిలోని సృజనశక్తికి దారి చూపకుండా కేవలం నిషేధాలతో నీతి నేర్పడం వృథా అని. ఇది వినడానికి తేలికగా ఉన్నా ఆచరణలో పెను భారం. నిషేధాల పట్టిక గోడకు తగిలించడానికి ఒక మేకు చాలు. సృజనకు చోటివ్వాలంటే అధ్యాపకుడు గంట కొట్టాక కూడా పిల్లల మధ్య ఉండాలి, వాళ్ళు పాడితే వినాలి, వాళ్ళు నాటకం వేస్తే తానూ చేయి కలపాలి. కళాశాలలో భోజనాల తర్వాత సాగిన పాటల కూడికలు ఆ ఉద్దేశంతో పుట్టినవే. హాజరు పట్టీ లేని ఆ కూడికల్లో ఎవరికి వచ్చిన పాట వాళ్ళు, ఎవరి భాషలో వాళ్ళు పాడేవారు.

అలాంటి కూడిక ఒకదానికే 1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ టాగూరు వచ్చాడు. దక్షిణ దేశ యాత్రలో అలసి, విశ్రాంతి కోసం మదనపల్లెలో ఆగిన ఆయన ఆ సాయంత్రం తానూ ఒక పాట పాడతానని ముందుకు వచ్చి, 1911 కలకత్తా కాంగ్రెసులో మొదట వినిపించిన ‘జనగణమన’ను పాడాడు. పాట బెంగాలీలో సాగుతున్నా, పల్లవిలోని జయధ్వానం అందుకోవడానికి తెలుగు పిల్లలకు అర్థం చెప్పేవాళ్ళు అక్కరలేకపోయింది. రెండో చరణం నాటికి గది మొత్తం గొంతు కలిపింది. తర్వాత ఆయన దాన్ని ఆంగ్లంలోకి మార్చి, 1919 ఫిబ్రవరి 28వ తేదీ వేసి, తన చేతిరాతతో రాసి ఇచ్చాడు. మార్గరెట్ దానికి పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి కట్టింది. స్వరలిపి అంటే పాట బాణీని చూసి ఎవరైనా మళ్ళీ పాడుకోవడానికి వీలైన రాత. కళాశాల ఆ పాటను తన ప్రార్థనగీతం చేసుకుంది. 1950 జనవరి 24న రాజ్యాంగసభ దాన్ని జాతీయగీతంగా స్వీకరించడానికి మూడు దశాబ్దాల ముందు సంగతి ఇది.

ఈ ఘట్టాన్ని మదనపల్లె ఊరు గర్వంగా చెప్పుకుంటుంది, చెప్పుకోవలసిందే. అయితే గొప్ప కవి ఒక చిన్న ఊరికి రావడం యాదృచ్ఛికం కావచ్చు గాని, ఆ కళాశాల ఆ పాటనే ప్రార్థనగా ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. ఆ గీతం రెండో చరణంలో హిందూ, బౌద్ధ, సిక్కు, జైన, పారశీక, ముస్లిం, క్రైస్తవులందరూ పేరుపేరునా కనిపిస్తారు. మతాలన్నిటినీ పక్కపక్కన కూర్చోబెట్టాలన్న దివ్యజ్ఞాన సమాజానికి ఇంతకన్నా తగిన ప్రార్థన దొరకదు. మత కళాశాల అయి ఉండి, తన సిద్ధాంతగ్రంథంలోని శ్లోకాన్ని గాక, దేశమంతటినీ తలుచుకునే పాటను పిల్లల నోట పలికించడం దాని నైతిక విద్యకు అసలైన రుజువు.

పౌరధర్మం విషయంలో ఆ కళాశాల మరింత కఠినమైన పరీక్షకు నిలబడింది. 1916లో అనీబిసెంట్ హోంరూల్ ఉద్యమాన్ని, అంటే సామ్రాజ్యంలో ఉంటూనే దేశపాలన దేశీయుల చేతికి రావాలన్న ఉద్యమాన్ని ప్రారంభించాక, మదనపల్లె విద్యార్థులు అందులో చేరకుండా ఉండలేదు. 1917లో మద్రాసు ప్రభుత్వం విద్యార్థులు రాజకీయ సభలకు వెళ్ళరాదని ఉత్తరువు చేసింది. జూన్‌లో అనీబిసెంట్‌ను, ఆమె సహచరులైన జార్జి అరండేల్‌ను, బి.పి. వాడియాను నిర్బంధించి ఉదకమండలంలో ఉంచింది. ఆ రోజుల్లోనే మదనపల్లె కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయ అనుబంధం పోయింది. అనుబంధమంటే ఆ కళాశాలలో చదివినవాడు విశ్వవిద్యాలయ పరీక్ష రాసి పట్టం పుచ్చుకోవడానికి ఉన్న హక్కు. అది పోతే పట్టం పోయినట్టే, పట్టంతోపాటు సర్కారు కొలువు పోయినట్టే. కళాశాల అడయారులో కొత్తగా ఏర్పడ్డ జాతీయ విశ్వవిద్యాలయ పరిధిలో చేరింది. దానికి కులపతి టాగూరే. చేను ఎండి, అప్పు చేసి కొడుకును చదివించే సీమ రైతు ఇంటికి ఈ మార్పు ఎంత బరువో అంచనా వేసుకుంటేనే ఆ నిర్ణయం విలువ తెలుస్తుంది. సూత్రం కోసం సంస్థ చెల్లించిన మూల్యంలో పెద్ద వాటా విద్యార్థుల ఇళ్ళ మీద పడింది. ఈ మాట అనడం ఆ సంస్థను తగ్గించడానికి కాదు. నైతిక విద్య ఖర్చు ఎప్పుడూ ఎవరో ఒకరు భరిస్తారని, ఆ ఎవరో ఎవరన్నది దాచకూడదని చెప్పడానికి.

అదే కాలంలో అనీబిసెంట్ భారతీయ బాలురకు స్కౌట్ శిక్షణ ఇచ్చే సంఘాన్ని ఏర్పరచింది. బేడెన్ పవల్ స్థాపించిన స్కౌట్ దళాల్లో అప్పటికి భారతీయ బాలురకు ప్రవేశం లేకపోవడమే దానికి కారణం. 1921లో ఆ రెండూ ఏకమయ్యాయి. గుడారం వేయడం, ముడి కట్టడం, గాయానికి కట్టు కట్టడం, జాతరలో తప్పిపోయిన పిల్లల్ని ఇల్లు చేర్చడం వంటి పనులను పౌరవిద్యగా చూడడం దివ్యజ్ఞాన పాఠశాలల ప్రత్యేకత.

ఆడవాళ్ళ విషయంలో ఈ కళాశాల ప్రభావం దాని తరగతి గదులకు బయట కనిపిస్తుంది. మదనపల్లెలో అధ్యాపకుల ఇళ్ళ స్త్రీలు కూడే అబలాభివర్ధినీ సమాజంతో మార్గరెట్ కజిన్స్‌కు ఏర్పడ్డ పరిచయం, 1917 మే నెలలో అడయారులో పుట్టిన భారత మహిళా సంఘానికి ప్రేరణల్లో ఒకటి. ఆ ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల బృందం మద్రాసులో భారత మంత్రి మాంటేగ్‌ను కలిసి ఓటు హక్కు అడిగినప్పుడు ఆ వినతి వెనుక కృషి మార్గరెట్‌ది. 1921లో మద్రాసు రాష్ట్రం ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు ఓటు ఇచ్చింది. కళాశాల పట్టికలో పేరు లేని ఆ గృహిణులు కూడా ఆ విద్యాప్రయోగం ఫలితాల్లో భాగమే. 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పాటుకూ మార్గరెట్ పూనుకున్నది విద్యాసంస్కరణ కోసమే.

ఇంత చెప్పాక లోపాలను చెప్పకపోతే స్మరణ స్తోత్రమవుతుంది. మొదటిది, పనికి సంబంధించినది. ఆల్కాట్ పాఠశాలలో కనిపించిన చేతిపని దృష్టి మదనపల్లె కళాశాల విద్యలో వెనుకబడింది. తెలుగునాటనే 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య బందరులో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల నేతను, వడ్రంగాన్ని, చిత్రకళను చదువుతో జోడించింది. బందరుకు కృష్ణ నీళ్ళున్నాయి, మదనపల్లెకు చెరువు మాత్రమే ఉంది. పని నేర్పవలసిన అవసరం నిజానికి మదనపల్లెకే ఎక్కువ. మెట్టపొలం, చెరువు పూడిక, పశుగ్రాసం, గొర్రెల మంద అన్నవి కళాశాల గోడకు అవతలే ఉండగా, లోపల కావ్యం, సంగీతం, దేశభక్తి వికసించాయి. ఉన్నతమైన ఆ మూడూ ఊరి నేలను తాకలేదన్నది ఒప్పుకోవలసిన నిజం.

రెండో లోపం మరింత లోతైనది. సోదరభావాన్ని బోధించిన సమాజమే, ఒక జగద్గురువు రాబోతున్నాడని నమ్మి, అందుకు ఒక బాలుణ్ణి సిద్ధం చేసింది. ఆ బాలుడు 1895లో ఈ మదనపల్లెలోనే పుట్టి, కడపలో తల్లిని పోగొట్టుకొని, తండ్రి వెంట అడయారు చేరిన జిడ్డు కృష్ణమూర్తి. గురువు రాకకోసం 1911లో ఏర్పడ్డ నక్షత్ర మండలిని 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమన్‌లో ఆయనే స్వయంగా రద్దుచేసి, సత్యానికి ఏ సంస్థా దారి వేయలేదని ప్రకటించాడు. భక్తితో కూడిన విధేయతను, స్వతంత్ర విచారణను ఒకే బడిలో నేర్పవచ్చునన్న అనీబిసెంట్ నమ్మకానికి ఆమె పెంచుకున్న శిష్యుడే సమాధానం చెప్పాడు. మత కళాశాలలన్నిటికీ ఈ చిక్కు ఉంటుంది: ప్రశ్నించమని నేర్పితే మొదటి ప్రశ్న తన పీఠం మీదికే వస్తుంది. దాన్ని భరించగల సంస్థ చేతిలోనే నైతిక విద్య బోధ స్థాయి దాటి విద్య అవుతుంది.

ఆ చిక్కుకు సమాధానం వెతికిన చోటు కూడా మదనపల్లె పక్కనే ఉంది. 1920ల్లో కృష్ణమూర్తి కోరిక మీద తెట్టు గ్రామం దగ్గర, ఒక పెద్ద మర్రిమాను ఉన్న ఎండు లోయలో భూమి సేకరించారు. మద్రాసు గిండీలో నడుస్తున్న జాతీయ పాఠశాలను జి.వి. సుబ్బారావు 1931లో అక్కడికి తరలించడంతో రిషివ్యాలీ పాఠశాల మొదలైంది. మతగ్రంథం లేదు, మంత్రదీక్ష లేదు. సూర్యాస్తమయ వేళ పిల్లలందరూ మౌనంగా కూర్చునే అస్తాచల్ అనే ఆచారం మాత్రం ఉంది. ఆ మౌనం దేని గురించో చెప్పేవాళ్ళు లేకపోవడమే దాని ప్రత్యేకత. బోడికొండల మీద చెట్లు పెంచడం, వాననీరు ఇంకే కుంటలు తవ్వడం అక్కడ పాఠశాల జీవితంలో భాగమయ్యాయి, పిట్టలు తిరిగివచ్చాయి. మదనపల్లె కళాశాల వదిలేసిన నేల పాఠం ఇక్కడ చేతికి వచ్చింది.

అంతకన్నా విలువైనది ఆ పాఠశాల గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన ఏకోపాధ్యాయ బడులు. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఉండే ఆ బడుల్లో పాఠ్యపుస్తకానికి బదులు చిన్నచిన్న కార్డులు, ఒక్కొక్క పిల్లవాడు తన వేగాన తాను ఎక్కే అభ్యసన నిచ్చెన ఉంటాయి. ఊరివాళ్ళను పిలిచి జరిపే మెట్రిక్ మేళాలో పిల్లలే దుకాణాలు పెట్టి కూరగాయలు తూస్తారు, పెద్దల ఎత్తు, బరువు కొలుస్తారు, గుడ్డ ఎన్ని మీటర్లో చెబుతారు. చదువురాని తల్లి తన బిడ్డ చేతిలోని తక్కెడ ముల్లును నమ్మి డబ్బు లెక్కపెడుతుంది. తూకంలో నిజాయితీ ఎందుకుండాలో ఆ పిల్లకు వేరే పాఠం చెప్పనక్కరలేదు.

కర్నూలులో మరొక మతభావన మరొక తీరున పనిచేసింది. ఆ ఊరివాడే అయిన డాక్టర్ అబ్దుల్ హక్, అరబ్బీ పండితుడు, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసినవాడు, 1947లో నిజాం సాయంతో ఉస్మానియా కళాశాలను స్థాపించాడు. ముస్లింల విద్య కోసం పుట్టినా ఆ కళాశాల తలుపులు అన్ని మతాలవాళ్ళకూ తెరిచే ఉన్నాయి. రెండు నదుల నడుమ ఉండీ కరవుకు అలవాటుపడిన ఒక జిల్లా కేంద్రానికి అది ఊరుమ్మడి కళాశాలగా ఎదిగింది. అనీబిసెంట్‌ది మతాలను కలిపే ఆదర్శమైతే, అబ్దుల్ హక్‌ది తన మతంలో నిలబడి ఊరికి సేవ చేసే ఆదర్శం. రెండూ సీమకు అవసరమే అయ్యాయి.

స్వతంత్ర భారత రాజ్యాంగం ఈ సంస్థలకు ఒక హద్దు గీసింది. 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలో మత బోధన ఉండదు. ప్రభుత్వ గుర్తింపు గాని సాయం గాని పొందే సంస్థలో విద్యార్థి సమ్మతి, మైనరైతే సంరక్షకుడి సమ్మతి లేకుండా మత బోధనకు కూర్చోబెట్టరాదు. 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ సంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చింది. మత బోధన, నైతిక విద్య ఒకటి కాదన్న తెలివిడి ఈ అధికరణాల వెనుక ఉంది. 1959లో కేంద్రం నైతిక విద్య మీద నియమించిన సంఘానికి అధ్యక్షుడైన శ్రీప్రకాశ, కాశీలో అనీబిసెంట్ పాఠ్యపుస్తకాలకు తోడ్పడిన భగవాన్‌దాస్ కుమారుడే. ఆ సంఘం ఉదయం కొద్ది నిమిషాల మౌనాన్ని సూచించడం కాశీ నుంచి మదనపల్లె దాకా సాగిన ఆలోచనకు కొనసాగింపుగా చూడవచ్చు.

మదనపల్లె కళాశాల తర్వాతి కాలంలో విశ్వవిద్యాలయ గుర్తింపును తిరిగి పొంది, బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలగా నేటికీ నడుస్తున్నది. జేమ్స్ కజిన్స్ 1933లో మరోసారి ప్రిన్సిపాలుగా వచ్చి కొన్నేళ్ళు పనిచేశాడు. తిరువాన్కూరులో చిత్రశాల తీర్చిదిద్దాడు. 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. నేటి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువులో మానవ విలువలు, వృత్తి నైతికత అన్న పాఠ్యాంశం ఉంది. మొదటి ఏడాది తర్వాత విద్యార్థి ఊళ్ళో చేయవలసిన సమాజ సేవా ప్రాజెక్టు ఉంది. హంటర్ కమిషన్ కోరిన పుస్తకమూ, అది కోరని పనీ రెండూ ఒకే పట్టంలోకి వచ్చాయన్నమాట. పుస్తకం పరీక్షకు చదివి మరిచేదీ, ప్రాజెక్టు పక్కవాడి రికార్డు చూసి రాసేదీ అయితే ఈ అవకాశం చేజారిపోతుంది. అదే కడప, కర్నూలు, మదనపల్లె కళాశాలల అధ్యాపకులు తమ పిల్లల్ని ఒక్కొక్క ఊరి చెరువు దగ్గరికి తీసుకువెళ్ళి, తూము పని చేస్తున్నదా, పూడిక ఎంత, ఎన్ని బోర్లు ఎంత లోతున ఎండిపోయాయి, కూలికి వెళ్ళే ఇళ్ళు ఎన్ని అని రాయించి, ఆ రాసిందాన్ని గ్రామసభలో చదివించగలిగితే, 1915 నాటి కళాశాల చేయలేకపోయిన పని ఈ తరం విద్యార్థుల చేతుల మీదుగా మొదలవుతుంది; అందుకు కొత్త చట్టం గాని, కొత్త నిధులు గాని అక్కరలేదు, అధ్యాపకుడు ఎండలో పిల్లల వెంట నడవడానికి సిద్ధపడాలి.